చెట్టు బొమ్మలో ఇమడని కుటుంబం: బడి ప్రాజెక్టుల్లో మిశ్రమ వంశ చిత్రణ

ప్రాథమిక తరగతుల పిల్లలను వంశవృక్షం గీసుకురమ్మనడం, తాతముత్తాతల దేశాన్ని గురించి అట్ట మీద బొమ్మలు అంటించి ప్రదర్శనకు పెట్టమనడం, ఒకరోజు పూర్వీకుల వేషంలో బడికి రమ్మనడం అమెరికా బడుల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లోనూ పరిసరాల విజ్ఞానంలో భాగంగా వంశవృక్షం గీయించడం కొత్తేమీ కాదు. తల్లిదండ్రులిద్దరూ ఒకే ఊరివారూ ఒకే కులం వారూ అయినప్పుడు గంటలో ముగిసే ఈ పని, వారు వేరువేరు జాతులకో మతాలకో కులాలకో దేశాలకో చెందినప్పుడు పిల్లల ముందు పెద్ద ప్రశ్నగా నిలబడుతుంది. అటువంటి పిల్లల పుట్టుకనే ఈ వ్యాసంలో మిశ్రమ వంశం అని వ్యవహరించడం జరుగుతున్నది. ఈ ప్రశ్నను గురించి చరిత్ర, మానవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం చెప్పినదంతా ఒకచోట చేర్చి చూస్తే తేలేది ఒకటే: చిక్కు పిల్లల పుట్టుకలో లేదు, వారి చేతికి ఇచ్చిన కాగితంలో ఉంది.

ఆ కాగితం మీద అచ్చయి ఉండే చెట్టు బొమ్మ ఎందుకు పుట్టిందో తెలిస్తే, అది ఎక్కడ చాలదో కూడా తెలుస్తుంది. ఐరోపాలో 12వ శతాబ్దం నుంచి చర్చి కిటికీల రంగుటద్దాల మీదా చేతిరాత గ్రంథాల్లోనూ కనిపించే జెస్సీ వృక్షంలో, దావీదు రాజు తండ్రి (తెలుగు బైబిలు ఇతనిని యెష్షయి అంటుంది) పడుకొని ఉండగా అతని దేహం నుంచి ఒక చెట్టు మొలిచి, రాజుల మీదుగా సాగి, యేసు దగ్గర ముగుస్తుంది. ఒక మూలపురుషుడి నుంచి ఒక మహనీయుడి వరకు తెగని ధార ఒకటి ఉన్నదని చూపడమే ఆ చిత్రం ఉద్దేశం. తరువాతి కాలంలో రాజవంశాలూ ప్రభు కుటుంబాలూ తమ హక్కులను నిరూపించుకోవడానికి ఇదే రూపాన్ని వాడుకున్నాయి. దీనికి భిన్నంగా, ఒక మనిషి దగ్గర మొదలై తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు అంటూ పైకి పోయే పటం మరొకటి ఉంది. 1590లో ఆస్ట్రియా చరిత్రకారుడు మిఖాయెల్ ఐట్జింగర్ ప్రచురించిన సంఖ్యా పద్ధతి ఈ రెండో రకానికి చెందినది; అందులో ఏ వ్యక్తి సంఖ్యనైనా రెట్టింపు చేస్తే తండ్రి సంఖ్య వస్తుంది, దానికి ఒకటి కలిపితే తల్లి సంఖ్య వస్తుంది. మొదటి పటం ఒక వంశానిది, రెండోది ఒక మనిషిది. బడి పిల్లలకు ఇచ్చే బొమ్మలో ఈ రెండూ కలిసిపోయి, ఒకే మాను మీద అందరినీ కూర్చోబెట్టాలన్న షరతు మిగిలింది. మిశ్రమ వంశపు పిల్లలకు మానులు ఒకటి కంటే ఎక్కువ.

తెలుగు నేల మీద వంశాన్ని గుర్తుంచుకున్న తీరులోనూ ఈ రెండు ధోరణులూ ఉన్నాయి. రెడ్ల ఇళ్ళకు వెళ్ళి గోత్రాలూ ఇంటిపేర్లూ వంశకథలూ చెప్పి సంభావన పుచ్చుకునే పిచ్చుకుంట్ల వారు, తెలంగాణలో వంశరాజులుగా పిలువబడుతున్నవారు, ప్రధానంగా తండ్రి వైపు ధారనే గానం చేశారు. కుటుంబాలు స్వయంగా రాసుకున్న వంశావళుల్లోనూ కొడుకుల పేర్ల కింద గీతలు సాగుతూ పోతాయి, కూతురి పేరు ఉంటే అక్కడితో ఆగిపోతుంది. అయితే ఇదే సమాజంలో పితృతర్పణం విడిచే మనిషి తండ్రి, తాత, ముత్తాతలతో ఆగకుండా తల్లి తండ్రినీ, ఆయన తండ్రినీ, తాతనూ కూడా పేరుపేరునా తలుచుకుంటాడు. మనిషి రెండు ధారల కలయిక అన్న ఎరుక సంప్రదాయంలో లేకపోలేదు. అది కర్మకాండలో నిలిచి, కాగితం మీది వంశావళిలోకి రాలేకపోయింది. మిశ్రమ వంశాన్ని చిత్రించదలచినవారికి తర్పణం చూపే దారే పనికి వస్తుంది, ఎందుకంటే మూలపురుషుడి నుంచి కిందికి గీసిన పటంలో తల్లి వైపు వారికి అసలు చోటే ఉండదు.

ఇంకొక సంగతి ఉంది. చెట్టు బొమ్మ మిశ్రమ వంశపు పిల్లలకు మాత్రమే కాదు, ఏ కలగలుపూ లేదనుకునే తెలుగు కుటుంబాలకు కూడా సరిపోదు. మేనత్త కూతురిని పెళ్ళాడిన వ్యక్తి పిల్లలకు పటంలో ముత్తాత ముత్తవ్వల కోసం 8 గళ్ళు ఉన్నా, అందులో నిండేది ఆరుగురు మనుషులే, ఎందుకంటే తండ్రి తండ్రీ తల్లి తల్లీ తోబుట్టువులు కనుక వారి తల్లిదండ్రులు రెండు చోట్లా కనిపిస్తారు. అక్క కూతురిని మేనమామ చేసుకుంటే ఆ దంపతుల పిల్లలకు నాయనమ్మ వారి తల్లికి అమ్మమ్మ కూడా అవుతుంది, అంటే ఒకే మనిషి ఒక వైపు రెండో తరంలోనూ మరొక వైపు మూడో తరంలోనూ ఉంటుంది. కొమ్మలు మళ్ళీ కలిసే చెట్టు ప్రకృతిలో అరుదు; మేనరికాలున్న ఇళ్ళలో అది మామూలు. కాబట్టి పటాన్ని కుటుంబానికి తగినట్లు మార్చుకోవడం మిశ్రమ వంశపు పిల్లల కోసం చేసే మినహాయింపు కాదు, అందరి విషయంలోనూ చేయవలసిన సవరణ.

గళ్ళ తరువాత చిక్కు తెచ్చేవి మాటలు. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ వ్యవస్థల బృహద్గ్రంథంలో తెలుగు, తమిళ, కన్నడ బంధువాచకాలను కూడా పట్టికలలో చేర్చి, తండ్రి అన్నదమ్ములను తండ్రులుగా పిలిచే భాషలకూ అలా పిలవని భాషలకూ ఉన్న తేడాను గుర్తించాడు. పెదనాన్న, బాబాయి, మేనమామ, పెద్దమ్మ భర్త, మేనత్త భర్త, ఈ అందరినీ అంకుల్ అన్న ఒక్క మాటలోకి తోసే ఇంగ్లీషు పటంలో తెలుగు తల్లి బిడ్డ తన బంధువులను సగం పోగొట్టుకుంటుంది. అటు స్పానిష్‌లోనో యొరుబాలోనో పిలిచే వారి పిలుపులకూ ఆ పటంలో చోటు ఉండదు. అమ్మమ్మ, నాయనమ్మ, తెలంగాణ ఇళ్ళలో బాపమ్మ, అటువైపు అబుయేలా అని పిల్లలు నోరారా పిలిచే పిలుపులనే పటం మీద రాయనివ్వడం చిన్న మార్పే, కానీ ఏ వైపు వారినీ మరొక వైపు భాషలోకి కుదించకుండా కాపాడే మార్పు అది. పిల్లలను పేర్కొనే మాటల విషయంలో తెలుగు భాష స్వయంగా కొంత దిద్దుకోవలసి ఉంది. కులాంతర, మతాంతర వివాహాలకు మర్యాదైన పేర్లు ఏర్పడినా, ఆ దంపతుల సంతానానికి అటువంటి పేరు లేదు. సంకరం అన్న మాట ధర్మశాస్త్రాల్లో అనులోమ, ప్రతిలోమ సంతానాలను తక్కువ చేసి లెక్కపెట్టిన వర్ణసంకరం నుంచి వచ్చింది, నేడు విత్తనాలకూ పాడి ఆవులకూ వాడుతున్నారు. దానిని మనిషి బిడ్డకు వాడరాదు. సగం తెలుగు, సగం అమెరికన్ అనడం కూడా సరికాదు, ఏ బిడ్డా రెండు సగాలుగా పుట్టదు.

ఈ లెక్కింపు అలవాటు అమెరికాలో ఎంత లోతుగా పాతుకుందో ఆ దేశపు జనగణన చరిత్ర చూపుతుంది. 1850 జనగణన పత్రంలో నల్ల, తెల్ల జాతుల సంతానానికి ములాటో అన్న గడి చేరింది; 1890లో నాలుగో వంతు, ఎనిమిదో వంతు నల్లవారికి కూడా వేరువేరు గళ్ళు పెట్టారు; తరువాత చాలా దక్షిణ రాష్ట్రాల్లో ఒక్క బొట్టు నల్ల రక్తం ఉన్నా నల్లవారే అన్న సూత్రం చట్టంగా మారింది. భారతదేశం నుంచి వెళ్ళినవారిని, వారి మతం ఏదైనా, 1920, 1930, 1940 జనగణనల్లో హిందూ అన్న జాతిగా రాశారు. 1970లో శ్వేతజాతీయులలో కలిపారు. 1980లో ఆసియా భారతీయులన్న గడి ప్రత్యేకంగా ఏర్పరిచారు. అంటే రక్తంలో ఏ మార్పూ లేకుండానే తాత ఒక జాతిగా, తండ్రి మరొక జాతిగా, మనుమరాలు ఇంకొక జాతిగా నమోదు కావడం సాధ్యమైంది. వేరువేరు జాతుల మధ్య పెళ్ళిళ్ళను నిషేధించే రాష్ట్ర చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ కేసులో 1967 జూన్ 12న తీర్పు చెప్పింది. ఒకటి కంటే ఎక్కువ గళ్ళను ఎంచుకునే వీలు 2000 జనగణనలో మొదటిసారి కలిగింది. ఆ ఏడాది అలా ఎంచుకున్నవారు సుమారు 68 లక్షలు, 2020లో 3 కోట్ల 38 లక్షలు, అంటే జనాభాలో 10.2 శాతం, ఈ పెరుగుదలలో ప్రశ్న అడిగిన తీరూ జవాబులను వర్గీకరించిన తీరూ మారడం వల్ల వచ్చిన భాగం కూడా ఉందని జనగణన సంస్థే చెప్పింది. తల్లి కాన్సాస్‌లో పుట్టిన శ్వేతజాతీయురాలు, తండ్రి కెన్యా వాడు అయిన బరాక్ ఒబామా 2010 పత్రంలో నల్లజాతి గడి ఒక్కటే ఎంచుకున్నాడు. ప్రభుత్వ పత్రంలో మనిషి ఇచ్చే జవాబు వేరు, అతని కుటుంబ చరిత్ర వేరు. బడి ప్రాజెక్టు అడగవలసింది రెండోదానిని, అడుగుతున్నది మాత్రం తరచుగా మొదటిదానినే.

భారతీయ మూలాలున్న మిశ్రమ కుటుంబాలు అమెరికాలో 1965 వలస చట్టం తరువాతే వచ్చాయనుకోవడం పొరపాటు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కాలిఫోర్నియా పొలాల్లో కూలికీ కౌలుకూ దిగిన పంజాబీ పురుషులు, స్వదేశం నుంచి భార్యలను తెచ్చుకునే వీలు లేక, శ్వేతజాతి స్త్రీలను పెళ్ళాడే హక్కూ లేక, మెక్సికన్ కుటుంబాల స్త్రీలను వివాహమాడారు. స్పానిష్ పేరూ సింగ్ అన్న ఇంటిపేరూ కలిసి ఉన్న ఒక తరం ఇంపీరియల్ లోయలోనూ యూబా నగరం చుట్టుపక్కలా పెరిగింది. మానవశాస్త్రవేత్త కారెన్ లియొనార్డ్ 1992లో వెలువరించిన గ్రంథం వీరి మీద ప్రామాణికమైనది. ఉమా కృష్ణస్వామి 2017లో రాసిన పిల్లల నవల, 1945 నాటి యూబా నగరంలోని అటువంటి ఇంటి అమ్మాయి మరియా సింగ్ కథ. మిశ్రమ కుటుంబపు తెలుగు పిల్లలకు ఇటువంటి పుస్తకం చేతికివ్వడం, తమ వంటివారు దాదాపు వందేళ్ళుగా ఉన్నారన్న ధైర్యాన్నిస్తుంది. నల్లజాతి పూర్వీకులున్న పిల్లల పరిస్థితి ఇంతకంటే కఠినం. 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు తప్ప సాధారణంగా పేర్లు లేవు కనుక, విముక్తులైనవారు పేర్లతో కనిపించే 1870 జనగణన దగ్గర చాలా కుటుంబాల వెతుకులాట ఆగిపోతుంది. తెలుగు అమ్మమ్మ వైపు ఆరు తరాలూ, నల్లజాతి తాత వైపు మూడు తరాలూ ఉన్న పటంలో ఆ ఖాళీ గళ్ళు పిల్లల లోపంగా కనిపించకూడదు. ఎందుకు ఖాళీగా ఉన్నాయో వయసుకు తగిన మాటల్లో చెప్పడం ఉపాధ్యాయుల విధి.

మిశ్రమ వంశపు పిల్లల మనసును గురించిన ఆలోచన కూడా చాలా దూరం నడిచి వచ్చింది. సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ పార్క్ 1928లో అంచుమనిషి అన్న భావనను ముందుకు తెచ్చి, రెండు లోకాల మధ్య నిలిచి దేనికీ పూర్తిగా చెందని వ్యక్తిని అందులో వర్ణించాడు. ఆ తరువాత దశాబ్దాల తరబడి మిశ్రమ వంశాన్ని ఒక మానసిక సంకటంగానే చూశారు. మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మరియా రూట్ 1990లలో మిశ్రమ వంశీయుల హక్కుల ప్రకటనను రూపొందించి, తమ ఉనికికి సంజాయిషీ చెప్పుకోనవసరం లేకపోవడం, తల్లిదండ్రులు ఆశించినదానికి భిన్నంగా తమను తాము పేర్కొనడం, ఆ పేరును జీవితకాలంలో మార్చుకోవడం హక్కులేనని వాదించింది. ఈ రెండింటిలో బడికి పనికి వచ్చేది రెండోదే. ఎనిమిదేళ్ళప్పుడు అట్ట మీద రెండు జెండాలు అంటించిన పిల్ల పదిహేనేళ్ళప్పుడు ఒకటే చాలనవచ్చు, ముప్పైలో రెండూ వద్దనవచ్చు. ప్రాజెక్టు ఆ రోజు మాట మాత్రమే. రంగుల విషయంలోనూ మార్పు మెల్లగానే వచ్చింది: క్రేయోలా సంస్థ లేత గులాబీ ఛాయకు పెట్టిన ఫ్లెష్ అన్న పేరును 1962లో పీచ్ అని మార్చింది, 24 చర్మపు ఛాయల పెట్టెను 2020లో తెచ్చింది. అయినా అక్కాచెల్లెళ్ళ ఛాయలే వేరువేరుగా ఉండే ఇళ్ళలో, తల్లి రంగూ తండ్రి రంగూ కలిపి బిడ్డ రంగు తయారు చేయించే అభ్యాసం శాస్త్రరీత్యా తప్పు, మనసుకు నొప్పి.

భారతదేశంలో ప్రశ్న రూపం వేరు, సారం ఒకటే. రాజ్యాంగం 366వ అధికరణం ఆంగ్లో ఇండియన్‌ను నిర్వచించేటప్పుడు తండ్రినీ, తండ్రి ధారలోని పురుషులనూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది కనుక, తల్లి ఐరోపా స్త్రీ అయి తండ్రి భారతీయుడైతే ఆ బిడ్డ నిర్వచనంలోకి రాదు. కులం విషయంలో సుప్రీంకోర్టు 2012లో రమేశ్‌భాయి దభాయి నాయికా కేసులో, బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది ఒక ఊహ మాత్రమేనని, షెడ్యూల్డు కులానికో తెగకో చెందిన తల్లి వద్ద పెరిగి ఆ అవమానాలనూ లేములనూ అనుభవించిన బిడ్డ దానిని సాక్ష్యాలతో తోసిపుచ్చవచ్చునని చెప్పింది. ఎన్‌సీఈఆర్‌టీ 2005 పాఠ్యప్రణాళికా చట్రం తరువాత 3వ తరగతికి తెచ్చిన పరిసరాల పుస్తకంలో కుటుంబాలు రకరకాలుగా ఉంటాయన్న పాఠం చేరింది. బడిలో చేర్చుకునే దరఖాస్తు మాత్రం ఇంకా ఒకే కులం, ఒకే మతం అడుగుతూనే ఉంది. తెలుగు పిల్లలకు ఈ విషయాన్ని బోధించడానికి పరాయి ఉదాహరణలు వెతకనవసరం లేదు. 1895లో వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువ తండ్రి యాదవుడు, తల్లి మాదిగ స్త్రీ, ఇల్లు క్రైస్తవం. హిందూ పురాణ వస్తువుల మీద పద్యాలు రాశాడని క్రైస్తవులలో కొందరూ, కులాన్నీ మతాన్నీ చూసి సవర్ణ పండితులూ ఆయనను దూరం పెట్టారు. ఆయన కుమార్తె హేమలత, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి నాస్తికుడైన గోరా కుమారుడు లవణాన్ని 1960లో పెళ్ళాడింది. లవణం పేరు ఉప్పు సత్యాగ్రహాన్ని తలచి పెట్టినది. మూడు తరాల ఈ ఒక్క పటాన్ని తరగతి గదిలో నల్లబల్ల మీద గీసి చూపితే, కులం, మతం, నాస్తికత్వం, స్వాతంత్ర్యోద్యమం ఒక కుటుంబంలో ఎలా కలుస్తాయో నాలుగో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. హైదరాబాదు పిల్లలకైతే కోఠీ రెసిడెన్సీ దగ్గరలోనే ఉంది: బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా దంపతుల ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండుకు పంపినప్పుడు వారి పేర్లే మారిపోయి, సాహిబ్ బేగం కేథరిన్ అరోరాగా పెరిగింది, తల్లిని మళ్ళీ చూడలేదు.

ఇటీవల డి.ఎన్.ఏ. పరీక్షల శాతాలను గుండ్రని పటంగా గీసి ప్రాజెక్టులో పెట్టడం కనిపిస్తున్నది. దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు చెరి సగం క్రోమోజోములు వస్తాయి కాని, నలుగురు తాత అవ్వల నుంచి సరిగ్గా పావు వంతు చొప్పున రావు, ఒకరి వంతు ఎక్కువా ఒకరి వంతు తక్కువా కావచ్చు; పైగా ప్రేమనూ పెంపకాన్నీ ఆ శాతాలు కొలవలేవు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, భారతదేశంలోని దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనధారల కలయిక నుంచి వచ్చినవేనని చూపింది. 2013 నాటి మరొక అధ్యయనం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి కాలంలో విస్తారంగా జరిగిందని లెక్కకట్టింది. తరగతిలో మిశ్రమ వంశం లేని తెలుగు బిడ్డ ఒక్కరూ ఉండరు. కొందరి కలయిక ఇటీవలిది, కొందరిది మరుగున పడినది.

ఇక చేయదగినదేమిటన్న ప్రశ్న. అమెరికాలో 1989లో లూయీస్ డెర్మన్ స్పార్క్స్ బృందం వెలువరించిన పక్షపాతరహిత పాఠ్యప్రణాళిక నాటి నుంచి, పండుగకొక రోజు వేషాలు వేయించి వంటలు పెట్టించడంతో సరిపెట్టే పద్ధతిని విద్యావేత్తలు విమర్శిస్తూనే ఉన్నారు. ఆ విమర్శ న్యాయమైనది. ఏ దేశం అని అడిగితే ఒకే జవాబు రావాలి, ఎవరెవరు ఎక్కడెక్కడి నుంచి వచ్చి నీ ఇంట్లో కలిశారు అని అడిగితే ఎన్ని జవాబులైనా రావచ్చు. కాబట్టి మార్చవలసినది మొదట ప్రశ్న. చెట్టుకు బదులు నదిని గీయమంటే ఉపనదులు ఎన్ని కలిసినా నది ఒకటే అవుతుందని గోదావరి తెలిసిన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు; సవతి తల్లిదండ్రులూ దత్తత తీసుకున్నవారూ కూడా అందులో కాలువలై చేరగలరు. ప్రపంచ పటం మీద దారాలతో దారులు కట్టడం మరింత మంచిది, ఎందుకంటే అందులో రక్తం కాక ప్రయాణం ముందుకు వస్తుంది. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తాల నుంచి నాటాల్‌కు పోయిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసి ఉన్నాయి కనుక దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలు విశాఖ, గంజాం జిల్లాల ఊళ్ళ దాకా దారం లాగగలవు. మారిషస్‌లో పిల్లలు బడిలో పూర్వీకుల భాషగా తెలుగును ఎంచుకునే వీలుంది. తల్లి వైపు తెలుగూ తండ్రి వైపు క్రియోలూ ఉన్న బిడ్డకు 2012 నుంచి క్రియోలు కూడా పాఠ్యవిషయమైంది, కాని ఒకదానిని ఎంచుకోవలసి రావడం ఇక్కడా అదే పాత గడి. ఇంట్లో ఎవరు ఎవరితో ఏ భాష మాట్లాడతారో గీతలతో చూపే పటం ఈ ఇరుకు నుంచి బయటపడేస్తుంది, పైగా అది పిల్లలు తమంతట తాము చూసి గీయగలిగినది.

ఇవన్నీ చేసినా ఒక హద్దు గుర్తుంచుకోవాలి. పెద్దలు తెంచుకున్న బంధాలూ, ఒప్పుకోని పెళ్ళిళ్ళూ, కులం కారణంగా తలుపు మూసిన ఇళ్ళూ ఉన్న చోట, గోడకు అతికించే ప్రాజెక్టు ఆ గాయాన్ని తరగతి ముందు విప్పి చూపమని అడగకూడదు. ఏ కొమ్మను గీయాలో, ఏ పేరు రాయకుండా వదలాలో నిర్ణయించే హక్కు బిడ్డదీ ఆ కుటుంబానిదీ. మార్కులు నిండిన గళ్ళకు కాక, అడిగి తెలుసుకున్న ప్రయత్నానికి పడాలి. అచ్చు వేసిన చెట్టు బొమ్మకు బదులు ఉపాధ్యాయులు పిల్లలకు ఖాళీ కాగితం ఇవ్వాలి. తల్లిదండ్రులు ఆ రాత్రి తామే కూర్చుని బొమ్మ పూర్తి చేసి పంపకుండా, ఇటు అమ్మమ్మకు ఒకసారీ అటు నాయనమ్మకు ఒకసారీ ఫోను కలిపి పిల్లల చేతికి ఇవ్వాలి.